పైకి మోసిన నీళ్ళు

మా తోటికోడలిని ఆ ఏడంతస్తుల భవనంలో అందరూ లిఫ్టక్క అంటారు. సగం జీవితం ఆవిడ ఒకే స్టూలు మీద కూర్చుని పైకీ కిందికీ తిరిగింది. అది పాత లిఫ్టు. బటన్ నొక్కితే సరిపోదు. ప్రతి అంతస్తులోనూ ఇనప జాలీ తలుపు చేత్తో లాగి తెరవాలి, మళ్ళీ చేత్తో లాగి మూయాలి. గడియ టక్కుమని పడితే గాని పెట్టె కదలదు. అందుకే ఆ ఉద్యోగం ఇంకా బతికి ఉంది. మొదట్లో అది మా బావగారిది. ఆయన పోయాక ఈవిడకిచ్చారు. అప్పటికి వాళ్ళ పిల్ల ఇంకా మాటలు కూడబలుక్కుంటోంది.

నాది అదే భవనంలో, లిఫ్టుకు ఎదురుగా, జిరాక్సు షాపు. షాపంటే పెద్దగా ఊహించుకోకండి. మెట్ల కింద మిగిలిన చోట్లో ఒక మిషను, ఒక బల్ల, నేను. నేను కూర్చున్నాక గాలి దూరడానిక్కూడా సందుండదని మా ఆయన అంటాడు. ఆయనకేం, అంటాడు. అక్కడ కూర్చుంటే లిఫ్టులో ఎవరెక్కారో, మెట్లు ఎవరు దిగారో, ఎవరికి ఎవరితో మాటలు లేవో అన్నీ తెలుస్తాయి.

అక్క నోట్లో నాలుక లేని మనిషి. నాకేమో ముక్కు మీద కోపం. ఇద్దరం ఒకే ఇంటి కోడళ్ళమంటే ఎవరూ నమ్మరు. ఆవిడ ఎక్కేవాళ్ళ మొహాలు చూసేది కాదు. స్టూలు మీద కూర్చున్న మనిషికి ముందు కనిపించేవి చెప్పులే. చెప్పులు చూసి అంతస్తు నొక్కేది. అరిగిన నల్లబూట్లయితే మూడు, ఇన్సూరెన్సు వాళ్ళు. చెప్పుల్లో కాలివేళ్ళు ముడుచుకుని ఉంటే ఆరు, పంటి డాక్టరు. అడక్కుండానే తీసుకెళ్ళేది. తప్పు పోయినట్టు నేనెప్పుడూ వినలేదు.

అలాంటి మనిషి మీద రెండేళ్ళ కిందట ఫిర్యాదులు మొదలయ్యాయి. లిఫ్టు ఏడో అంతస్తుకు పోతే తిరిగి రావడం లేదని. అక్కడ దిగేవాళ్ళు దిగిపోయేవారు, ఎక్కేవాళ్ళు ఉండేవారు కారు, అయినా అక్క తలుపు మూసేది కాదు. జాలీ మీద చెయ్యి వేసి మెట్ల వైపు చూస్తూ ఉండిపోయేది. కింద పంటి డాక్టరు గారి పేషెంట్లు దవడలు పట్టుకుని బెల్లు మీద బెల్లు కొట్టేవారు. మేనేజరు ఒకసారి తానే మెట్లెక్కి వెళ్ళి, ఎందుకు ఆపావని అడిగాడట. "ఒక్క క్షణం సార్, వస్తోంది," అందట. ఎవరని ఆయన చుట్టూ చూశాడు. ఎవరూ లేరు.

ఎవరి కోసమో నాకు తెలుసు. దాని పేరు ఉడత. అసలు పేరు బడి రిజిస్టరులో ఉండేది, మాకెవరికీ అవసరం పడలేదు. బడి అయ్యాక నేరుగా భవనానికే వచ్చేది. కాసేపు నా బల్ల మీద కూర్చుని పాడైపోయిన జిరాక్సు కాగితాల వెనక బొమ్మలు గీసేది. తర్వాత తల్లితో పందెం. అక్క జనాన్ని ఎక్కించుకుని లిఫ్టులో, అది మెట్ల మీద. ఒక్కో అంతస్తులో తలుపు తెరిచేసరికి జడలు ఊడిపోయి, వగరుస్తూ, పళ్ళికిలించి ఎదురుగా ఉండేది. మధ్యలో ఎవరూ దిగేవాళ్ళు లేని రోజున లిఫ్టే గెలిచేది. అప్పుడు కూడా అక్క తలుపు మూసి కిందికి వచ్చేసేది కాదు. ఏడో అంతస్తులో తలుపు పట్టుకుని, పిల్ల వచ్చేదాకా ఉండి, స్టూలు కింద నుంచి స్టీలు సీసా తీసి నీళ్ళు తాగించేది. ఆ సీసా ఎప్పుడూ నిండుగా ఉండేది. అక్క దాంట్లోంచి తాగగా నేను చూడలేదు.

పెరిగాక దానికి మెట్లు చాల్లేదు. ఏదో పార్సిళ్ళ ఆఫీసులో ఉద్యోగంలో చేరింది, అక్కడ పరిచయమైన వాళ్ళతో కొండలెక్కే క్లబ్బులో కలిసింది. ఆదివారం తెల్లవారకముందే రెండు నీళ్ళ క్యాన్లు వీపున వేసుకుని పోయేది. ఎక్కడికే అంటే, "గుట్టకి పిన్నీ" అనేది. మా ఊళ్ళో గుట్టేమిటి? ఇక్కడ నేల మీద గోళీ పెడితే పెట్టిన చోటే ఉంటుంది. ఎవడినో చూసుకుందేమో, దానికి గుట్ట అని పేరు పెట్టిందేమో అని నేను ఏడిపించేదాన్ని. అది నవ్వేది గాని చెప్పేది కాదు.

నిరుడు కాక ముందటేడు ఎండాకాలంలో మంచుకొండకు ఉడతతో కలిపి ఆరుగురు వెళ్ళారు. వాళ్ళను తీసుకెళ్ళిన కోచ్ ఒక మధ్యాహ్నం మా భవనానికి వచ్చాడు. నల్లగా మాడిపోయిన మొహం. ఎడమ చేతి రెండు వేళ్ళకు కొసలు లేవు. ఆ పాత గాయం గురించి ఉడత చెప్పి ఉండబట్టి గుర్తుపట్టాను. లిఫ్టు నడిపే ఆవిడ ఎక్కడని అడిగాడు. పైన, ఏడులో ఉంది, బెల్లు కొట్టండి వస్తుందన్నాను. ఆయన బెల్లు కొట్టలేదు, మెట్లెక్కాడు. ఆ తల్లిని కింద జనం మధ్యలో నిలబెట్టి చెప్పలేక అలా ఎక్కానని తర్వాత చెప్పాడు. పైన అక్కకు అడుగుల చప్పుడు వినిపించింది. బరువైన బూట్లు, రెండేసి మెట్లు, మలుపు దగ్గర ఒక్కసారి ఆగడం. ఉడత ఎక్కే తీరే అది, దానికి ఎక్కడం నేర్పింది ఆయనే కదా. అక్క తలుపు తెరిచి పట్టుకుని, సీసా మూత తీసి, నవ్వుతూ నిలబడింది. మలుపు తిరిగి ఆయన వచ్చాడు. సీసా ఆయన చేతికే ఇచ్చింది. ఆయన తాగలేదు.

మంచు జారి పిల్లను తీసుకుపోయింది. వెతికారు. దొరకలేదు. మిగిలిన ఐదుగురు ఆ పక్కనే గట్టి నేల మీద రాళ్ళు పేర్చి గుర్తు పెట్టి వచ్చారు.

అక్క ఏడవలేదు. నేను ఏడ్చి, ఆ కోచ్‌ను నానా మాటలు అని, మళ్ళీ ఏడ్చాను. మూడో రోజుకు ఆవిడ స్టూలు మీద కూర్చుంది. కొన్నాళ్ళకు లిఫ్టు ఏడులో ఆగడం మొదలైంది. ఆ తర్వాత కోచ్‌ను తానే పిలిపించి, ఒకే ఒక్క మాట అడిగింది. తనను ఆ రాళ్ళ కుప్ప దగ్గరికి తీసుకెళ్ళమని. ఆయన కాదనలేదు. ఏటా ఎండాకాలంలో ఆ దారినే కొత్తవాళ్ళను తీసుకెళ్తాడట, ఆ కుప్ప దాకా తాళ్ళతో పెద్ద పని లేదు, కానీ ఏటవాలు, గాలి పలుచన. వీపున బరువుతో నిటారు నేల మీద ఎక్కి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగగలిగితే తీసుకెళ్తాను, వచ్చే ఎండాకాలానికి నేనే వచ్చి చూస్తాను అన్నాడు. అక్కకు ఇక లోకంలో వేరే పని లేకపోయింది. అక్కడికి వెళ్ళి కూర్చోవాలి. అంతే.

సరే, నిటారు నేల ఏదీ? కాలికి బలపం కట్టుకుని ఊరంతా తిరిగాం. ఫ్లైఓవరు మీద ఎక్కబోతే లారీలు గుద్దేసేలా ఉన్నాయి. స్టేడియం మెట్ల మీద ఒక వారం గడిచిందో లేదో, టికెట్టు లేకుండా ఆడవాళ్ళు ఇక్కడేం చేస్తున్నారని గార్డు తరిమాడు. మంచినీళ్ళ ట్యాంకు చుట్టూ ఉన్న ఇనప మెట్లకు తాళం. ఒక పెద్ద దుకాణం కింద కార్లు దిగే ఏటవాలు దారి బాగుందనుకున్నాం, వెనక నుంచి కారు హారను కొడితే నేను గోడకు అతుక్కుపోయాను. అక్కడికీ అన్నాను, మన భవనంలో ఏడంతస్తుల మెట్లుండగా ఈ తిరుగుడేమిటక్కా అని. అక్క నా వైపు విచిత్రంగా చూసింది. "అవి దానివే. అది ఎక్కుతూ ఉంటే నేను అడ్డం తిరగనా?" అంది. ఆ రోజు నుంచి మెట్ల కింద కూర్చుని జిరాక్సు తీస్తున్నా చెవి పైనే ఉండేది.

చివరికి దారి చూపించింది ఉడత పాత బూట్లే. కొత్తవి దాని కాళ్ళకే ఉండిపోయాయి, పాతవి మంచం కింద ఉన్నాయి. ఇల్లు సర్దుతూ వాటిని కడుగుదామని తీస్తే, అక్క వచ్చి నా చేతుల్లోంచి లాక్కుంది. తోటికోడళ్ళమై ఇన్నేళ్ళకు ఆవిడ నా చెయ్యి విసిరికొట్టడం అదే మొదటిసారి. లాక్కోవడంలో అడుగున గాళ్ళలోంచి బూడిదరంగు పొడి రాలింది. వేళ్ళతో నలిపి చూశాను. మా పెరటిగోడ కట్టినప్పుడు నెలరోజులు నా ముక్కులోనే కాపురమున్న పొడి అది. మట్టి కాదు, రాతిపొడి. ఇసుక లారీల వాళ్ళను ఒకరొకరినే అడిగితే, బస్సు ఆగిపోయే చివరి స్టాపు దాటాక రాళ్ళు కొట్టి కంకర చేసే క్రషరు ఒకటి మూతపడి ఉందని, అక్కడ పనికిరాని రాయి గుట్టలా పోసి వదిలేశారని ఒకతను చెప్పాడు.

నిజంగానే గుట్ట. ఏళ్ళ తరబడి పారబోసిన రాళ్ళూ పొడీ కలిసి మా భవనం కన్నా ఎత్తు లేచాయి. కాలు పెడితే సగం కూరుకుపోతుంది, ఒకడుగు ఎక్కితే అరడుగు జారుతుంది. కింద రేకుల షెడ్డు ముందు కాపలా ముసలాయన తాడు పేనుకుంటున్నాడు. మమ్మల్ని తరమడానికి కర్ర తీసుకుని లేచినవాడు అక్క నడక చూసి ఆగిపోయాడు.

"నీళ్ళమ్మాయి తాలూకా?" అన్నాడు.

రెండు క్యాన్లూ నింపుకుని ఎక్కేదని, పైన పారబోసి ఖాళీవాటితో గంతులేస్తూ దిగేదని చెప్పాడు. మనిషికి మతి ఉందా లేదా అని మొదట్లో అనుకున్నాడట. మరి ఈమధ్య రావడం లేదేమని అడిగాడు.

"వస్తుంది," అంది అక్క.

నేను నాలుక కరుచుకున్నాను. ముసలాయన సంతోషంగా తలూపి మళ్ళీ తాడు పేనుకోవడంలో పడ్డాడు.

నీళ్ళు పారబోయడం మతిలేని పని కాదని కోచ్ ఫోనులో చెప్పాడు. వాళ్ళందరూ అలాగే చేస్తారట. ఎక్కడానికి బరువు కావాలి, దిగడానికి వద్దు. ఎక్కితే కండ అరుగుతుంది, అది మళ్ళీ పెరుగుతుంది. బరువుతో దిగితే మోకాలు అరుగుతుంది, అది మళ్ళీ రాదు. అందుకని నీళ్ళు మోసుకెళ్ళి పైన పోసేసి తేలిగ్గా దిగాలి. రాళ్ళు మోస్తే పారేసినవి కింద ఎవరి నెత్తినో పడతాయి, నీళ్ళయితే గొడవ లేదు. ఆ గుట్ట నెత్తి మీద, అంత బూడిదరంగు మధ్య, చాపంత మేర గడ్డి మొలిచి ఉంది. అదంతా ఉడత మోసిన నీళ్ళే. సగం ఎండింది, సగం ఇంకా పచ్చగా ఉంది. అక్క దాని పక్కన కూర్చుని అరచేత్తో నిమిరింది. ఆ పూట మేం మళ్ళీ ఎక్కలేదు, దిగలేదు, చీకటి పడబోతుంటే ముసలాయన కిందనుంచి కేకేశాడు.

ఇక ప్రతి ఆదివారం, సెలవు దొరికిన ప్రతి పూట గుట్టే. గాలికి పోయే కంపను ఒంటికి తగిలించుకున్నట్టు నేనూ బయల్దేరేదాన్ని. ఆవిడను ఒంటరిగా పంపడానికి మనసొప్పక. నా వీపున ఒక క్యాను, ఆవిడ వీపున రెండు. నేను ఆగుతూ, తిట్టుకుంటూ, కూర్చుంటూ పైకి చేరి, ఇంతకన్నా బూడిదలో పోసిన పన్నీరు ఇంకోటుండదు అనుకుంటూ నా నీళ్ళు గడ్డి మీద కుమ్మరించేదాన్ని. అక్క మాత్రం ఆయాసపడేది కాదు. ఇన్నేళ్ళు స్టూలు మీద కూర్చున్న మనిషికి ఆ ఊపిరి ఎక్కడినుంచి వచ్చిందో తెలీదు. పైకి చేరాక, "నువ్వు దిగుతూ ఉండు, నేనొస్తా" అనేది. వచ్చిన దారి వైపు మొహం పెట్టి నిలబడేది.

ఒకసారి ఎక్కుతూ మధ్యలో చెయ్యెత్తి నన్ను ఆపింది. వినమంది. మా వెనక గులకరాళ్ళు జారుతున్న చప్పుడు. మనం కాలు తీశాక రాళ్ళు సర్దుకుంటాయక్కా అన్నాను, గట్టిగానే, నాకు నేనే చెప్పుకున్నట్టు.

"నీ వెనక సర్దుకునేవి వేరు," అంది అక్క నెమ్మదిగా. "ఇవి ఊపిరి పీలుస్తున్నాయి."

తర్వాత నేను ఒక్కదాన్ని వెనకబడకుండా జాగ్రత్తపడ్డాను. భయమని ఒప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు.

ఎండలు ముదిరేసరికి అక్క మోకాళ్ళు వాచాయి. లిఫ్టులో స్టూలు మీదనుంచి లేవడానికి జాలీ పట్టుకునేది. ఇదేమిటని అడిగితే వయసంది. వయసు నాకూ ఉంది, ఒళ్ళు నాకు ఆవిడకు రెండింతలుంది, నా మోకాళ్ళు నిమ్మకు నీరెత్తినట్టున్నాయి. అనుమానం వచ్చింది. ఒకనాడు గుట్ట దిగి బస్సు కోసం నిలబడ్డప్పుడు, ఆవిడ సంచి పక్కకు జరుపుదామని పట్టుకుంటే కదల్లేదు. మూత తీసి చూశాను. రెండు క్యాన్లూ నిండుగా ఉన్నాయి.

అన్నాళ్ళూ పైకి మోసినవన్నీ కిందికి కూడా మోసింది. నేను ఆ బస్‌స్టాపులో ఎంత రభస చేశానంటే, పక్కన నిలబడ్డవాళ్ళు జరిగి దూరంగా నిలబడ్డారు. అక్క అంతా విని, నేను అలిసిపోయాక చెప్పింది.

"పొయ్యడానికి చెయ్యి రాలేదే. అది వెనకాలే వస్తోంది కదా. పైకి రాగానే దాహం అంటుంది. పారబోశానని ఎలా చెప్పను?"

బస్సు వచ్చింది, ఎక్కాం. దారంతా ఆ నీళ్ళు ఆవిడ కాళ్ళ దగ్గర క్యాన్లలో తొణుకుతూ ఉన్నాయి. ఇంటికి వెళ్ళాక వాటిని మొక్కలకు పోయబోతే వద్దని, తీసుకెళ్ళి ఉడత మంచం కింద పెట్టింది.

ఆ తర్వాత ప్రతిసారీ బతిమాలాను, తిట్టాను, ఒకసారి నేనే లాక్కుని పోయబోయాను. ఆవిడ నా మణికట్టు పట్టుకుంది. అంత బలమైన చెయ్యి నేనెరగను. రోజూ కొన్ని వందలసార్లు ఇనప తలుపు లాగిన చెయ్యి అది.

కోచ్ చెప్పినట్టే వచ్చాడు. పొద్దున్నే ముగ్గురం గుట్ట కింద కలిశాం. అక్క మోకాళ్ళకు గుడ్డ చుట్టుకుని, పైన చీర కుచ్చిళ్ళు సవరించుకుని, ఏమీ ఎరగనట్టు నిలబడింది. ఎక్కడంలో ఆయనకు ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడాల్సిన పని పడలేదు. ఇద్దరూ పైకి చేరేసరికి నేను ఇంకా సగంలో ఉన్నాను. నేను వెళ్ళేసరికి కోచ్ గడ్డి వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ గడ్డి ఎవరి నీళ్ళతో మొలిచిందో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కాసేపాగి లేచాడు.

"బాగా ఎక్కారమ్మా," అన్నాడు. "నీళ్ళు పోసెయ్యండి. దిగుదాం."

"ఇంకా రాలేదు," అంది అక్క.

ఎవరని ఆయన అడగలేదు. మొహం తిప్పుకున్నాడు. నేను అప్పటిదాకా ఆ మనిషిని తిడుతూనే ఉన్నాను, మనసులో. ఆ క్షణాన తిట్టలేకపోయాను. ఆయనకూ వెనక చప్పుళ్ళు వినిపిస్తాయని అర్థమైంది.

నీళ్ళు పోసెయ్యమని మళ్ళీ అడిగాడు. అక్క సంచి పట్టీలు బిగించుకుంది. దిగడం మొదలుపెట్టింది. ఆ బరువుతో, ఆ మోకాళ్ళతో సగం దాకా బాగానే దిగింది. అక్కడ కుడికాలు మడత పడింది. పొడిలో కూలబడి, కొంత దూరం జారి ఆగింది. పడ్డప్పుడు కూడా చేతులు నేలకు ఆనించలేదు, వీపు వెనక క్యాన్లు పట్టుకుంది. మేం ఇద్దరం చెరో రెక్కా పట్టుకుని కిందికి దించాం. ముసలాయన పరిగెత్తుకొచ్చి మంచం వేశాడు.

కోచ్ ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. "అక్కడ మంచులో ఇలా కూలబడితే మిమ్మల్ని మిగతావాళ్ళు మొయ్యాలమ్మా. వాళ్ళు మొయ్యలేకపోతే వదిలి రావాలి. ఒకసారి ఒకరిని వదిలొచ్చాను. రెండోసారి నావల్ల కాదు."

ఎముకల డాక్టరు కూడా అదే చెప్పాడు, ఇంకాస్త కటువుగా. గుట్ట కాదు, మెట్లు కూడా ఎక్కకూడదన్నాడు. బయటికి వచ్చి ఆటో కోసం నిలబడ్డప్పుడు ఆవిడ మొదటిసారి ఏడ్చింది. శబ్దం లేకుండా, లిఫ్టు తలుపు పట్టుకున్నట్టే గాల్లో చెయ్యి పెట్టి. నేను ఆ చెయ్యి తీసి నా భుజం మీద వేసుకున్నాను.

వెళ్ళే రోజులు దగ్గరపడ్డాక కోచ్ నా షాపుకు వచ్చాడు. వాళ్ళ కాగితాలేవో జిరాక్సు తీయించుకుని, పోబోతూ ఆగి, మీరొస్తారా అన్నాడు. నేను పకపకా నవ్వాను. నేనా? ఈ ఒళ్ళు చూసే అడుగుతున్నారా? ఆయన నవ్వలేదు. అన్ని నెలలు ఆవిడతో పాటు ఎక్కింది మీరే కదా, ప్రతిసారీ నీళ్ళు పోసి దిగింది కూడా మీరే కదా అన్నాడు. నా మోకాళ్ళు బాగున్నాయన్న సంగతికి అర్థం నాకు అప్పుడే తట్టింది. సరేనన్నాను.

అక్కకు చెప్పడానికి రెండు రోజులు పట్టింది. అసూయ పడుతుందేమో, తన కొండను నేను ఎత్తుకుపోతున్నానని అనుకుంటుందేమో అని. ఆవిడ స్టూలు కిందికి వంగి, సీసా తీసి, కొళాయి దగ్గరికి కుంటుకుంటూ వెళ్ళి నింపుకొచ్చి నా చేతిలో పెట్టింది. "దానికివ్వు" అంది.

కొండ గురించి ఎక్కువ చెప్పను. దూరపు కొండలు నునుపు అన్నవాడెవడో దగ్గరికెళ్ళి చూసే అని ఉంటాడు. తిన్నది ఇమడలేదు, నిద్ర లేదు, మా ఆయన్ని, కోచ్‌ను, నన్ను నేను తిట్టుకోవడానికి కూడా ఊపిరి చాల్లేదు. సీసా గడ్డకట్టకుండా కోటు లోపల కడుపుకు ఆనించి పెట్టుకున్నాను. రాళ్ళ కుప్ప నా నడుమెత్తు ఉంది. దాని అవతల తెల్లగా, ఏమీ లేదు. పిల్ల ఆ తెలుపులో ఎక్కడుందో ఎవరికీ తెలీదు. మిగతావాళ్ళు ఒక్కో రాయి పెట్టి పక్కకు జరిగారు. నేను మూత తీశాను. వంచబోయాను. చెయ్యి రాలేదు.

దారి వైపు తిరిగి నిలబడ్డాను. ఎంతసేపో తెలీదు. మబ్బు కమ్ముతోంది, పోసెయ్యండి అని కోచ్ రెండుసార్లు అన్నాడు. ఒక్క క్షణం సార్ అన్నాను. అనేశాక ఆ మాట ఎవరిదో గుర్తొచ్చింది. అన్ని ఆదివారాలు అక్కను తిట్టిన మాటలన్నీ ఒక్కసారి నా గొంతులోకి వచ్చాయి. కళ్ళు మూసుకుని సీసా వంచేశాను. నీళ్ళు మంచులో చిన్న గుంట చేసుకుని లోపలికి పోయాయి. ఒక్క చుక్క కూడా పైన నిలవలేదు. దాహంగా ఉన్నవాళ్ళు తాగినట్టే పోయాయి.

దిగేటప్పుడు తాడు వరసలో చివరి మనిషిని నేను.

తిరిగొచ్చిన మర్నాడే భవనానికి వెళ్ళాను. షాపు తెరవకుండా నేరుగా లిఫ్టు ఎక్కాను. అక్క నా మొహం చూడలేదు, అలవాటు ప్రకారం బూట్లు చూసింది. వాటిని నేనింకా కడగలేదు. ఏడు నొక్కింది. ఒక్కో అంతస్తూ జాలీలోంచి కిందికి జారిపోయింది. పైకి చేరాక, తలుపు తెరిచి, అప్పుడు అడిగింది.

"తాగిందా?"

"తాగింది."

"మొత్తం?"

"ఒక్క చుక్క మిగల్చలేదు."

అక్క మొహంలో ఏదో సడలింది. పిల్ల చిన్నప్పుడు పందెం ఓడిపోయి వచ్చి గటగటా తాగుతుంటే చూసే చూపు అది, నేను మరిచే పోయాను. దానికెప్పుడూ దాహమే అంది. పవిటతో కళ్ళు తుడుచుకుంది. కింద బెల్లు మోగుతోంది, పంటి డాక్టరు గారి పేషెంట్లు అప్పుడే వచ్చేశారు. ఆవిడ మెట్ల వైపు చూడలేదు. జాలీ పట్టుకుని మామూలుగా, మిగతా ఆరంతస్తుల్లో లాగినట్టే లాగింది.

తలుపు సగం దాకా వచ్చింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"ఏమిటే?" అంది.

"ఒక్క క్షణం ఆగక్కా," అన్నాను. "కొండ దిగినప్పటినుంచీ నా వెనకాలే ఉంది."